నొక్కి పట్టుకోవాల్సిన బటన్

నేను పోట్లాడని చోటు హైదరాబాదులో తక్కువ. కరెంటు ఆఫీసులో పోట్లాడాను, అపార్ట్‌మెంటు సంఘం మీటింగుల్లో పోట్లాడాను, ఒక పెళ్ళిలో మగపెళ్ళివారి వైపు న్యాయం ఉందనిపించి మా ఆడపెళ్ళివారితోనే పోట్లాడాను. డిగ్రీ చదివే రోజుల్లో చర్చాపోటీలకు పంపితే, అనుకూలమో ప్రతికూలమో వేదిక ఎక్కాక చెప్పినా చాలు, కప్పు పట్టుకునే తిరిగొచ్చేదాన్ని. అలాంటి నేను ఒక టీవీ తెర మీది మెనూతో ఇన్ని నెలలు పోట్లాడతానని, అందులో గెలిచి మరీ ఓడిపోతానని అనుకోలేదు.

మెనూ అంటే హోటల్లో ఇచ్చే అట్ట కాదు. వీడియో గేములు ఆడుకునే పెట్టె ఉంటుంది కదా, టీవీకి తగిలించేది. దాన్ని పెట్టగానే ఆట మొదలవదు. ముందు ఒక తెర వస్తుంది. ఏ ఆట కావాలి, ఎవరు ఆడుతున్నారు, శబ్దం ఎంత ఉండాలి, ఇక చాలు ఆపేయాలా, ఇవన్నీ ఎంచుకునే తెర. అదే మెనూ. మా ఇంట్లో దాని ముందు కూర్చునేది పిల్లలు కాదు, మా ఆయన.

ఆయన సినిమాల్లో పనిచేశారు. పోస్టరు మీద పేరు పడే పని కాదు. అసోసియేట్ డైరెక్టరు. అందులోనూ ఆయన చూసేది కంటిన్యుటీ. హీరో తలుపు తోసుకుని లోపలికి రావడం ఇవాళ ఒకచోట తీస్తారు. వచ్చి కుర్చీలో కూర్చోవడం నెల పోయాక ఇంకెక్కడో సెట్టు వేసి తీస్తారు. తెర మీద మాత్రం రెండూ ఒకే నిమిషంలో జరగాలి. చొక్కా చెయ్యి ఎంతవరకు మడిచి ఉంది, వాచీ ఏ చేతికి ఉంది, చెమట ఏ కణత మీద కారుతోంది, కాఫీ కప్పు సగమా ముప్పాతికా, ఇదంతా గుర్తుపెట్టుకునే మనిషి ఒకడు కావాలి. ఇప్పుడైతే ప్రతి షాటుకీ ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటున్నారు. మా ఆయన తల్లోనే పెట్టుకునేవారు.

కృష్ణానగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని మేం కాపురం పెట్టిన రోజుల్లో ఒక సంగతి జరిగింది. పెద్ద హీరో, పెద్ద సెట్టు, పెళ్ళి సీను. హీరో దండ ఎత్తాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. మా ఆయన మధ్యలోకి వెళ్ళి చెయ్యి అడ్డం పెట్టారు. "హీరోయిన్‌కి నిన్న బాసికం జర ఎడమకు వొరిగి ఉండె, ఇయ్యాల సక్కగ ఉంది" అన్నారు. ప్రొడ్యూసరు నోటికొచ్చినట్టు తిట్టాడు. వారం తర్వాత ఎడిటింగు గదిలో చూసుకుంటే ఆయన చెప్పిందే నిజం. ఆ తర్వాత కృష్ణానగర్ చాయ్ బండి దగ్గర ఆయన్ని సొంత పేరుతో పిలిచినవాడు లేడు. అందరికీ 'కంటిన్యుటీ అన్నే'.

ఆయనది నల్లగొండ వైపు, నాది తెనాలి వైపు. మా ఇంట్లో రెండు తెలుగులు నడుస్తాయి, రెండూ గట్టిగానే నడుస్తాయి. నాకేమో ఇల్లు ఒకేలా ఉంటే తోచదు. సోఫా అటు జరిపి మంచం ఇటు తిప్పితే గానీ పండగ వచ్చినట్టుండదు. ఆయనకు అది నచ్చదు.

"ఏందే, సీను నడుస్తుండంగ సెట్టు మారుస్తవా?" అనేవారు గుమ్మంలో నిలబడి.

"మీ సీను అయిపోయింది లెండి, ఇప్పుడు నాది" అనేదాన్ని.

ఉప్పు డబ్బా బెత్తెడు పక్కకు జరిగినా ఆయనకు తెలిసేది. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

మొదటి గేముల పెట్టె మా అమ్మాయి కోసం వచ్చింది. అది చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఏడ్చి కొనిపించుకుంది. వారం ఆడి వదిలేసింది. సినిమాకీ సినిమాకీ మధ్య పని లేని రోజులుంటాయి కదా, ఆ రోజుల్లో ఆయన పట్టుకున్నారు, ఇక వదల్లేదు. కారు పందాలు, క్రికెట్టు. ఆటలో ఏ మాత్రం గొప్పవారు కాదు. గోడలకు గుద్దేవారు, మొదటి బంతికే అవుటయ్యేవారు. ఆయనకు ఇష్టమైంది ఆటకు ముందు వచ్చే ఆ తెర.

ఆ మొదటి పెట్టెలో మెనూ అంటే నల్లటి చీకట్లో తేలుతున్న గాజుదిమ్మెలు, కింద రెండే రెండు మాటలు. బావిలో రాయి వేసినట్టు ఏదో శబ్దం. నాకు భయం వేసేది. ఆయన మురిసిపోయేవారు. "ఆర్టిస్టులు ఇద్దరే. ఎవరు ఏడ నిలబడ్డరో కండ్లు మూసుకొని గూడ చెప్త" అనేవారు.

తర్వాతి పెట్టెలో బొమ్మలు వరుసగా వచ్చాయి. అడ్డంగా పోతే పెద్ద విభాగాలు, ఒక్కోదాని కింద నిలువుగా చిన్నవి. వెనకాల పట్టుచీర కొంగు గాలికి ఊగినట్టు ఒక అల. ఆ అల రంగు నెలనెలా మారేది, బొమ్మలు మాత్రం ఎక్కడివక్కడే ఉండేవి. ఆయన దృష్టిలో అంతకు మించిన మెనూ లేదు. "లైటింగ్ మార్చుకో, నీ ఇష్టం. సామాను మాత్రం కదపకు. గీ పని చేసినోనికి సినిమా తెలుసు" అని, ఎక్కడో ఏ దేశంలోనో కూర్చుని దాన్ని గీసినవాడికి ఫిల్మ్‌నగర్ నుంచి సర్టిఫికెట్టు ఇచ్చారు.

మూడోది వచ్చేసరికి అన్నీ పెద్ద పెద్ద చదరాలైపోయాయి. మెరుపు లేదు, నీడ లేదు, అల లేదు. పైగా నిన్న ఏ ఆట ఆడితే అది ఇవాళ ముందుకొచ్చి నిలబడుతుంది. మా ఆయన మూడు రోజులు అలిగారు. "నిన్న మధ్యల నిలబడ్డోడు ఇయ్యాల మూలకు వోయిండు. గిట్లుంటదా ఏడన్న?"

మా అమ్మాయి అప్పటికి చదువు అయిపోయి ఉద్యోగంలో చేరింది. ఉద్యోగం ఏమిటనుకున్నారు? ఫోను యాపుల్లో తెరలు గీయడం. ఏ బటన్ ఎక్కడ ఉండాలో, ఏ రంగులో ఉండాలో, నొక్కితే ఏం జరగాలో నిర్ణయించడం. మాదాపూర్‌లో ఆఫీసు. అంటే ఆ బటన్లు జరిపే కులానిదే మా కడుపున ఒకతె పుట్టిందన్నమాట.

"ఆ గాజు బొమ్మలు, మెరిసే బటన్లు పాత ఫ్యాషన్ నాన్నా. ఇప్పుడన్నీ ఫ్లాట్" అంది.

"ఫ్లాటేనే. మనం ఉన్నది గూడ ఫ్లాటే. గాని పొద్దుగాల లేస్తే బాత్రూం ఏడ ఉండాలనో గాడనే ఉంటది గద" అన్నారాయన. అలిగినా, వారం తిరిగేసరికి ఆ చదరాలు కూడా ఆయన తల్లో సర్దుకున్నాయి. అప్పట్లో ఏదైనా సర్దుకునేది.

ఆయన షష్టిపూర్తికి అమ్మాయి కొత్త పెట్టె తెచ్చింది. పూజారిగారు ఇంకా అక్షింతలు సర్దుకుంటుండగానే ఈయన అట్టపెట్టె చింపడం మొదలుపెట్టారు. పెట్టి చూస్తే, తెర నిండా ఒకే బొమ్మ. ఏదో ఆట తాలూకు కొండలు, కోటలు. అడగకుండానే పాట మొదలైంది. పైన ఎక్కడో కుంకుమ బొట్లంత చిన్న చిన్న గుర్తులు. వాటిలో సగం మనకున్న ఆటలు కావు, మనం కొనుక్కోవాలని వాళ్ళు ఆశపడుతున్న ఆటలు. మాటలు దాదాపు లేవు. ఒక పళ్ళచక్రం, ఒక భూతద్దం, ఒక మొహం.

దానికి తోడు చేతిలో పట్టుకునే జాయ్‌స్టిక్కు మధ్యలో ఒక బటన్ ఉంటుంది. పాతదాంట్లో దాన్ని ఒకసారి నొక్కితే మొదటి తెరకు వచ్చేస్తాం. నొక్కి పట్టుకుంటే పక్కన ఒక చిన్న పట్టీ తెరుచుకుని, ఆపేయాలా అని అడుగుతుంది. కొత్తదాంట్లో దాన్ని తిరగేశారు. నొక్కితే పట్టీ వస్తుంది, నొక్కి పట్టుకుంటే మొదటి తెర వస్తుంది. ఎందుకు తిరగేశారని అడిగితే మా అమ్మాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఉంది. కొత్తగా చేరినవాడెవడో తన పని కనపడాలని తిరగేసి ఉంటాడు. కొత్త మేనేజరు వస్తే ఆఫీసులో బల్లలన్నీ అటూ ఇటూ జరిపిస్తాడే, అలాగ.

మా ఆయన అక్కడే చిక్కుకున్నారు.

మొదట్లో నవ్వుకున్నాం. ఆట మధ్యలో బయటికి రాలేక "ఒసేయ్, తొవ్వ దొరుకుతలేదు, నన్ను బయటికి తియ్యి" అని కేకలు వేసేవారు. వెళ్ళి చూపించేదాన్ని. మర్నాడు మళ్ళీ అదే కేక. ఆ మర్నాడూ. ఒకరోజు మధ్యాహ్నం నేను కూరలు తెచ్చుకుని వచ్చేసరికి టీవీ ముందు జాయ్‌స్టిక్కు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. కొండలూ కోటల బొమ్మ, పాట. ఎంతసేపటి నుంచి కూర్చున్నారో తెలియదు.

"ఏంటండీ, ఆడటం లేదా?"

"ఇది ఎవరిది?" అన్నారు, తెర చూపించి.

"ఎవరిదేంటి, మీదే. అమ్మాయి ఇచ్చింది."

"ఓ" అన్నారు, షూటింగులో ఎవరో చెప్పింది అర్థం కాకపోయినా తలాడించినట్టు.

ఆ సాయంత్రం అమ్మాయి నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. "అమ్మా, డాక్టరుకు చూపిద్దాం."

"దేనికి? ఆ దిక్కుమాలిన మెనూ నాకే తెలియడం లేదు. నాకూ చూపిస్తావా?"

"నీకు చూపిస్తే రెండోసారి తెలిసింది కదమ్మా."

"వాళ్ళ తప్పుకి నా మొగుడికి మందులు మింగిస్తావా? మీరు బటన్లు జరుపుతారు, మేం పిచ్చివాళ్ళమా?"

"మేం ఊరికే జరపమమ్మా. మనుషుల్ని కూర్చోబెట్టి చూస్తాం, ఎక్కడ తడబడుతున్నారో రాసుకుంటాం, అప్పుడు మారుస్తాం."

"అయితే మీ నాన్నలాంటివాళ్ళని కూర్చోబెట్టలేదేం?"

"ఆయన వాళ్ళ టార్గెట్ యూజర్ కాదమ్మా" అంది. అన్నాక ఆ మాట దానికే నచ్చలేదు. కుళాయి తిప్పి, కడిగిన గ్లాసే మళ్ళీ కడిగింది.

ఇక నేను ఊరుకుంటానా. మర్నాడే కస్టమర్ కేర్‌కు ఫోను చేశాను. ఎవరో అబ్బాయి, మంచి గొంతు.

"పాత మెనూ కావాలి బాబూ."

"మేడమ్, పాత మెనూ రాదు మేడమ్."

"ఎందుకు రాదు?"

"కొత్తది వచ్చింది కదా మేడమ్."

"కొత్త కోడలు వచ్చిందని అత్తగారిని వీధిలో పెడతామా? పోనీ, ఆ మధ్య బటన్ అన్నా మునుపటిలా చెయ్యండి."

"ఆ ఆప్షన్ లేదు మేడమ్. మీ సజెషన్ నోట్ చేసుకున్నాను మేడమ్."

"ఏం నోట్ చేసుకున్నావో ఒకసారి చదువు." ఆ అబ్బాయి నన్ను హోల్డులో పెట్టాడు. పాట వేశాడు.

అది నవ్వుకోవడానికి బాగానే ఉంది. తర్వాతి సంగతి బాగా లేదు. ఒక టీవీ సీరియల్ వాళ్ళు పాత పరిచయం మీద ఆయన్ని కంటిన్యుటీ చూడమని పిలిచారు. సంబరంగా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళారు. మధ్యాహ్నం భోజనాల వేళకే కారులో ఇంటికి పంపేశారు. వెంట వచ్చిన డైరెక్టరు కుర్రాడు, ఒకప్పుడు మా ఆయన చేతి కింద క్లాప్ కొట్టినవాడు, గుమ్మంలోనే నిలబడి నేల చూస్తూ చెప్పాడు. "గురువుగారికి నలతగా ఉన్నట్టుందండీ. అత్తగారి పాత్రకు శాలువా లేదు, ఉందంటున్నారు. ఫొటో చూపించినా ఒప్పుకోవడం లేదు. సెట్లో అందరూ..." అని ఆగిపోయాడు.

"మీరు సెట్లో కూర్చుని సీను పేపర్లు మారుస్తారు కదా. మీరు మార్చి ఉంటారు" అన్నాను.

"అవునండీ, మారుస్తుంటామండీ" అన్నాడు. వాదించలేదు. నాతో వాదించని మనిషిని చూస్తే నాకెప్పుడూ భయమే.

ఆ తర్వాత ఇంకో రోజు. క్షవరానికని కృష్ణానగర్ దాకా స్కూటరు మీద వెళ్ళిన మనిషి చీకటి పడ్డాక తిరిగొచ్చారు. చెక్‌పోస్టు దాటి ఎటో వెళ్ళిపోయారట. "యూ టర్న్ మాయం జేసిండ్రే. ఎంత దూరం వోయినా తిరుగనిస్తలేరు" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆటోలో వెళ్ళి చూశాను. నిజమే! ఆయన చెప్పిన చోట యూ టర్న్ లేదు, సిమెంటు దిమ్మెలు అడ్డం పెట్టి ఉన్నాయి. ఫొటో తీసి తెచ్చి అమ్మాయి ముందు పెట్టాను. "చూడు. ఈ ఊరి మెనూ కూడా మార్చేశారు. మనిషి తప్పిపోక ఏం చేస్తాడు?"

అది ఫొటో వంక చూసి, మెల్లగా అంది. "అది ఎప్పుడో మూసేశారమ్మా. మనం ఆదివారాలు గుడికి వెళ్ళేటప్పుడు నాన్నే కదా కారు ముందుకు తీసుకెళ్ళి ఇంకోచోట తిప్పేది."

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు, గట్టిగా మాత్రం అన్నాను.

"పోనీ ఇది చెప్పు" అంది. "నేను ఉద్యోగం మారి ఎన్నాళ్ళయింది? నాన్న రోజూ నన్ను పాత ఆఫీసు గురించే అడుగుతున్నారు. అక్కడ క్యాంటీన్లో దోసెలు ఇంకా బాగుంటాయా అని."

"ఆయనకి దోసెలిష్టం" అన్నాను.

చివరికి నాకే ఒక ఆలోచన వచ్చింది. అటక మీద ఆ రెండో పెట్టె ఉంది. అల ఊగేది. దానికి ఇంటర్నెట్టు లేదు కాబట్టి ఎవడూ ఎక్కడినుంచో వేలు పెట్టి మార్చలేడు. దాన్ని దింపి ఆయన చేతికిద్దాం. ఎన్నేళ్ళుగానో ముట్టుకోనిది. అందులో ఆయన తడబడితే నేను నోరు మూసుకుని డాక్టరు దగ్గరకు వస్తాను. తడబడకపోతే అమ్మాయి నోరు మూసుకోవాలి. చర్చాపోటీలో ఇలాంటి రుజువు దొరికితే ఎదుటి జట్టు కుర్చీలు మడుచుకుని వెళ్ళిపోతుంది.

ఆదివారం పొద్దున టిఫిన్లు కాగానే పెట్టాం. పాత తీగలు కొత్త టీవీకి కుదరక, అమ్మాయి మాదాపూర్ నుంచి ఏదో తోక తెచ్చి తగిలించింది. దుమ్ము వాసన, కాస్త కాలిన వాసన. ఆయన సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని జాయ్‌స్టిక్కు అందుకున్నారు.

తెర వెలిగింది. అల ఊగింది. పాత శబ్దం వచ్చింది, వాద్యాలవాళ్ళు కచేరీకి ముందు శ్రుతి చూసుకుంటున్నట్టు ఉంటుంది అది. ఆయన వీపు నిటారుగా లేచింది.

ఆ తర్వాత జరిగింది చూడటానికి కళ్ళు చాలలేదు. బొమ్మలు ఇంకా పూర్తిగా రాకముందే వేళ్ళు కదులుతున్నాయి. అడ్డంగా, నిలువుగా, లోపలికి, వెనక్కి. శబ్దం తగ్గించారు. తన పేరు ఎంచుకున్నారు. పాత పందెం ఎక్కడ ఆపారో అక్కడ తెరిచారు. బయటికొచ్చి క్రికెట్టులోకి వెళ్ళారు. మధ్య బటన్ నొక్కి వెనక్కి వచ్చారు. ఒక్కచోట ఆగలేదు. ఒక్క తప్పు నొక్కలేదు. మా కృష్ణానగర్ గదిలోని ఆ మనిషి, బాసికం ఒరిగిందని హీరో ఎత్తిన చేతిని ఆపిన మనిషి, మా సోఫాలో కూర్చుని ఉన్నాడు.

"చూసినవా, ఎవడూ కదపలే" అన్నారు నా వైపు తిరిగి, చిన్నపిల్లాడిలా. "పెట్టింది పెట్టినట్టే ఉంది."

నేను చప్పట్లు కొట్టాను. నిజంగా కొట్టాను. "ఏమే, ఇప్పుడేమంటావ్?" అని అమ్మాయి వైపు చూశాను. దాని కళ్ళలో నీళ్ళు. సంతోషంతోనే అనుకున్నాను, ఓడిపోయినందుకు కాస్త ఉక్రోషం కూడా అనుకున్నాను.

"అయినా సరే, ఒక్కసారి వెళ్దాం అమ్మా" అంది.

"పద. నేనే వస్తాను. నా రుజువు ఆ డాక్టరు ముందే పెడతాను."

శ్రీనగర్ కాలనీలో డాక్టరమ్మ. నా కంటే చిన్నది, నెమ్మదస్తురాలు. ముందు ఆయనతో మాట్లాడింది. కొన్ని మాటలు చెప్పి కాసేపాగి తిరిగి చెప్పమంది.

"మేడమ్, ఇంక క్లాప్ కొట్టలే. అప్పుడే టేక్ అంటరేంది?" అన్నారాయన. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వులు అయిపోయాయి, ఆ మాటలు మాత్రం ఆయన చెప్పలేదు. గడియారం గీయమంటే చక్కగా గుండ్రంగా గీశారు. ముళ్ళు పెట్టమంటే, "ఏ సీన్ల?" అని అడిగారు.

తర్వాత ఆవిడ నా వైపు తిరిగింది. నేను సిద్ధంగానే ఉన్నాను. మెనూ సంగతి మొదటినుంచీ చెప్పాను. గాజుదిమ్మెలు, అల, చదరాలు, కొండలూ కోటలు, తిరగేసిన బటన్, కస్టమర్ కేర్ అబ్బాయి, యూ టర్న్, అన్నీ వరుసగా. ఆవిడ ఎక్కడా అడ్డం రాలేదు. చివర్లో ఆదివారం పరీక్ష చెప్పాను.

"పాతదాంట్లో అస్సలు తడబాటు లేదా అండీ?"

"అస్సలు లేదు. కళ్ళు మూసుకుని ఆడించేశారు. ఎన్నేళ్ళయిందో దాన్ని ముట్టుకుని."

"కొత్తదాంట్లో?"

"అదే చెబుతున్నాను కదండీ. రోజూ చూపిస్తాను. అయినా రోజూ ఆయనకు అది కొత్తే."

అన్నాను. అని ఆగాను. ఆవిడ కలం ఆగింది, తల ఎత్తి నా వంక చూసింది. అనాల్సింది నేనే అనేశాను. ఎప్పుడో నేర్చుకున్నవన్నీ భద్రంగా ఉన్నాయి, నిన్న చూపించింది నిలవడం లేదు. నేను మోసుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టిన రుజువు, అమ్మాయి అన్ని నెలలుగా చెబుతున్నదానికి రుజువు. ఆ సంగతి అమ్మాయి ఆ ఆదివారమే చూసింది. అందుకే ఆ నీళ్ళు.

"మీరు చెప్పింది చాలా ఉపయోగపడుతుందండీ. స్కాన్ తీద్దాం, ఇంకొన్ని పరీక్షలు చేద్దాం. తొందరపడి ఏమీ అనుకోవద్దు" అంది ఆవిడ.

స్కాన్లు అయ్యాయి. ఆ జబ్బుకు ఒక పేరు ఉంది. ఈ కాగితం మీద దాన్ని రాయను, దానికి నేనిచ్చే మర్యాద అంతే. మందులు ఉన్నాయి. అవి ఉన్నదాన్ని కొంతకాలం నిలబెడతాయట, పోయినదాన్ని తీసుకురావట.

ఇంతా అయ్యాక కూడా నా మాట మీద నేనున్నాను. ఆ మెనూ చెత్తదే. ఆయన తల సరిగ్గా ఉన్నా అది చెత్తదే. రెండు మాటలు పక్కపక్కన నిజం కావచ్చు. నేను చేసిందల్లా, ఒకటి రుజువైతే రెండోది అబద్ధమవుతుందని నమ్మడం.

ఇంటికొచ్చాక పాత పెట్టెనే హాల్లో ఉంచేశాను. కొత్తదాన్ని అటక ఎక్కిద్దామని స్టూలు కూడా వేశాను. ఆయన ఆ అల తెర ముందు కూర్చుని కొన్నాళ్ళు హాయిగా ఆడారు. నేను వంటింట్లోంచి ఆ శ్రుతి శబ్దం వింటూ, ఇక ఇదే మన ఇల్లు, దీన్నెవరూ కదపరు అనుకున్నాను. సోఫా జరపడం మానేశాను. ఉప్పు డబ్బా ఎక్కడిదక్కడే. ఒకరోజు సాయంత్రం ఆయన జాయ్‌స్టిక్కు పక్కన పెట్టేశారు.

"ఇది తీసెయ్యే."

"ఎందుకండీ? బాగానే ఆడుతున్నారుగా!"

"గదే. ఇందుల నాకు తెల్వనిది ఏం లేదు. అయిపోయిన సినిమా మల్ల మల్ల ఎన్నిసార్లు సూస్త?" కాసేపు చేతులు చూసుకున్నారు. "డాక్టరమ్మ చెప్పింది నాకు సమజైంది. నువ్వు నన్ను గీడ కూసోబెడుతున్నవ్, తప్పిపోకుండ. నాకు ఎరికే."

వాదించకుండా లేచి ఆ పెట్టె తీగ పీకేశాను. ఇది రికార్డు.

"కొత్తదే పెట్టు. పిల్ల ప్రేమతోని తెచ్చింది. నువ్వు పక్కన కూసో, నా కంటిన్యుటీ నువ్వు సూడు."

"నాకేం ఇస్తారు?"

"తిట్టకుండ చెప్పినవనుకో, చాయ్ పెట్టిస్త."

"పెట్టేది నేనేగా!"

"అందుకేనే, మంచిగ పెట్టుకో."

అలా ఇప్పుడు రోజూ సాయంత్రం ఆయన పక్కన కూర్చుంటున్నాను. లోకంలో నాకు బద్ధశత్రువైన ఆ మెనూను ఎంసెట్‌కు చదివినట్టు చదివాను. ఏ గుర్తు ఎటు పోతుందో, ఏ పట్టీ కింద ఏముందో అమ్మాయి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. అది ఓపికగా చెప్పింది. మధ్యలో ఒకసారి, "నిజమేనమ్మా, ఇది ఇక్కడ పెట్టకుండా ఉండాల్సింది" అని తనలో తాను గొణిగింది. ఆ గెలుపుకి నేను చప్పట్లు కొట్టలేదు.

"ఏడ నొక్కాలె?"

"మధ్యలోదండీ."

"నొక్కిన. గిదేందో వచ్చింది."

"నొక్కి పట్టుకోవాలి. వదలకండి. ఇంకాస్త. ఆఁ, చూశారా, వచ్చేశారు."

"గిట్ల ఎవడు మార్చిండు?"

"ఎవడో వెధవ."

"గట్లనే అనుకున్న" అని తృప్తిగా తలాడిస్తారు. మర్నాడు మళ్ళీ, "ఏడ నొక్కాలె?" నేను మళ్ళీ, "మధ్యలోదండీ." నిన్న చెప్పాను కదా అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. ముప్పై ఏళ్ళ అలవాటు మరి. మింగుతాను. కొన్ని రోజులు ఆయన వేలు దానంతట అదే ఒక క్షణం ఎక్కువసేపు ఆగుతుంది, నేను చెప్పకముందే. ఆ రోజు చాయ్‌లో అల్లం ఎక్కువ వేస్తాను. మర్నాడు ఆగదు.

మొన్న సాయంత్రం పెట్టగానే ఎప్పుడూ వచ్చే కొండల బదులు ఒక బూడిదరంగు పలక వచ్చింది. కొత్త అప్‌డేట్ వచ్చిందట. మెనూ ఇంకా అందంగా, ఇంకా సులువుగా మార్చారట. కింద రెండు మాటలున్నాయి. ఒకటి 'ఇప్పుడే', రెండోది 'తర్వాత'. నేను కళ్ళద్దాలు తెచ్చుకుని తెర దగ్గరికెళ్ళి నాలుగు మూలలా వెతికాను. 'వద్దు' అనే మాట ఎక్కడా లేదు.

"ఏమంటున్నరే?" అన్నారాయన సోఫాలోంచి.

"మళ్ళీ సెట్టు మారుస్తారటండీ."

"సీను అయిపోలే గద ఇంక."

"అవలేదని చెబుతున్నాను" అన్నాను. ఆయన చేతిలోంచి జాయ్‌స్టిక్కు తీసుకుని 'తర్వాత' మీద నొక్కాను. పలక పోయింది, కొండలొచ్చాయి. జాయ్‌స్టిక్కు ఆయన చేతిలో పెట్టాను. రేపు అది మళ్ళీ అడుగుతుందని అమ్మాయి చెప్పింది.

"ఏడ నొక్కాలె?" అన్నారు.